స్లిప్పు తొట్టిలో నిమ్మచెక్క

దక్షిణ దేశంలో నా చేతి స్లిప్పు తాగని పింగాణీ అచ్చు లేదు. ఈ మాట నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, తిరుపతి బస్సుల్లో చెప్పాను, ఒకసారి ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న రోగికి కూడా చెప్పాను. అందరూ నమ్మారు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి వెనకాడుతోంది కాబట్టి సరిచేస్తున్నాను. ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి పోయే దారిలో, రేకుల కప్పు కింద, పదకొండుమంది పనిచేసే ఒక పింగాణీ పనిశాల ఉండేది. నా స్లిప్పు తాగిన అచ్చులన్నీ ఆ రేకుల కిందివే.

తొంభైల మొదట్లో అక్కడ చేరాను. మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఆ రేకుల కింద సిమెంటు మూటలున్నాయట.

ఇదంతా రాయాల్సిన అవసరం ఈమధ్యే వచ్చింది. తిరుపతిలో సొంతంగా మట్టిపాత్రల స్టూడియో పెట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. డబ్బాల్లో అమ్మే స్లిప్పు కొనకుండా తామే కలుపుకోవాలని వాళ్ళ కోరిక. నేను ఉత్సాహం పట్టలేక అరపూట మాట్లాడాను. మధ్యలో నా పేరుమోసిన నిమ్మకాయ కథ చెప్పాను. ఆయుధపూజ నాడు తొట్టిలో పడిన ఒక నిమ్మకాయ ఐదువందల లీటర్ల స్లిప్పును ఎలా విరగ్గొట్టిందో చెప్పాను. వాళ్ళలో చిన్నపిల్ల నోటుపుస్తకం తీసి, ‘నిమ్మకాయ దూరంగా ఉంచాలి’ అని రాసుకుని కింద గీత కూడా గీసుకుంది.

నోటిమాట గాలికి పోతుంది. గీత గీసిన మాట పోదు. అది అబద్ధమని నాకు తెలుసు. అందుకే ఈ రాత.

సంగటి, అంబలి

స్లిప్పంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్లాస్టర్ అచ్చులో పోసే మన్ను పానకాన్ని స్లిప్పంటారు. పొయ్యగానే అచ్చు అందులోని నీళ్ళు పీల్చుకుంటుంది. అచ్చు గోడకు మన్ను పొరగా కడుతుంది. మందం చాలనుకున్నాక మిగిలిన పానకం వంచేస్తాం. కాసేపటికి లోపల బోలుగా ఉన్న కప్పో జాడీయో బొమ్మో అచ్చు వదిలి చేతిలోకొస్తుంది.

మన్నులో నీళ్ళు పోస్తే పానకం ఎవరైనా చేస్తారు. అయితే నీళ్ళు ఎక్కువైతే అచ్చు రెండు బొమ్మలకే తడిసి కూర్చుంటుంది, బొమ్మ ఎండేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది. అంటే నీళ్ళు తక్కువుండాలి, పారుదల ఎక్కువుండాలి. మా ఐరాలలో మా అమ్మ కెలికే రాగిసంగటి ముద్ద ఉందే, ఆ ముద్దలో చుక్క నీళ్ళు అదనంగా పొయ్యకుండా దాన్ని అంబలిలా పారించమంటే ఎలా? అదే నా ఉద్యోగం. దానికి వాడే మందు సోడియం సిలికేటు. చూడటానికి తేనెలా ఉంటుంది. దాంతోపాటు కాస్త చాకలి సోడా. గట్టి ముద్దలో నాలుగు చుక్కలు పడగానే ముద్ద ఒళ్ళు వదిలేసి పారుతుంది. ముప్పై ఏళ్ళు చూసినా నాకు ఆ వింత తీరలేదు. (ముప్పై కాదు, ఇరవై రెండు.)

అమ్మాయిలూ, మీ లెక్క ఇది. పది కిలోల పొడి మన్నుకు నాలుగు లీటర్ల నీళ్ళు. సిలికేటూ సోడా కలిపి ముప్పై నుంచి నలభై గ్రాములు. ముందు నీళ్ళలో మందు కలపాలి, తర్వాత మన్ను కొంచెం కొంచెంగా వెయ్యాలి. మందు కూడా ముప్పాతికే ముందు వేసి, మిగిలింది చుక్కలుగా వెయ్యాలి. ఎందుకంటే ఒక హద్దు దాకా మందు వేసేకొద్దీ స్లిప్పు పలచబడుతుంది, హద్దు దాటాక వేసేకొద్దీ చిక్కబడుతుంది. చిక్కబడిందని ఇంకా వేసినవాడి గతి నాకు బాగా తెలుసు. కలిపాక ఒక రోజు కదపకుండా ఉంచండి. ఎనభై నంబరు జల్లెడ పట్టండి. ఒక లీటరు కొలిచి తూస్తే కిలో ఏడువందల యాభై గ్రాములకీ కిలో ఎనిమిదివందలకీ మధ్య ఉండాలి. నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. మా వైపు బోరు నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ, అవి మందును మింగేస్తాయి. ఇంటి టీ గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంటే ఆ నీళ్ళు స్లిప్పుకు పనికిరావు. మేం వాననీళ్ళు పట్టి దాచుకునేవాళ్ళం.

తూచడం గురించి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను. దాటేసింది ఊరికే కాదు.

ఏకాంబరం మేస్త్రీ తక్కెడ

నాకు పని నేర్పినవాడు ఏకాంబరం మేస్త్రీ. తడ అవతల నుంచి వచ్చిన తమిళుడు. ఆయన తెలుగులో క్రియాపదాలుండేవి కావు. పని బాగుంటే ‘పరవాలేదు’ అనేవాడు, బాగోకపోతే ఆ మాట కూడా అనేవాడు కాదు. నేను చేరిన కొత్తలో మా నాయన చూడటానికొచ్చి, నేను తొట్టి దగ్గర మోచేతుల దాకా మన్నులో ఉండటం చూసి, ‘మన్ను దున్నేది కష్టమని వచ్చి మన్ను కెలకతా ఉండావా’ అన్నాడు. ఏకాంబరం ఆ మాట అర్థమైనట్టు తల ఊపి, మా నాయనకు లీటరు మగ్గుతో స్లిప్పు ముంచి, తక్కెడలో పెట్టి తూచి చూపించాడు. తర్వాత ఆ అంకె ఆనాటి ఎండ, వాన వివరాలతో సహా పుస్తకంలో రాసుకున్నాడు. మా నాయన వెళ్తూ వెళ్తూ ‘ఆయప్ప సేద్యం తెలిసినోడే’ అన్నాడు. ఏకాంబరానికి నాకు తెలిసి అందిన పెద్ద బిరుదు అదే.

ఆయన ఊరెళ్ళిపోయాక నేను మేస్త్రీనయ్యాను. అయ్యీ కాగానే చేసిన మొదటి పని, ఆ మగ్గునూ తక్కెడనూ తీసుకెళ్ళి పలుగురాతి పొడి మూటల వెనక దాచడం.

కారణం సిగ్గులేకుండా రాస్తాను. అందరి ముందూ తూస్తుంటే మేస్త్రీకీ కిరాణా కొట్టువాడికీ తేడా ఏముంది? అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. వేలు తొట్టిలో ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకప్పు వైపు తల ఎత్తి, ‘నాలుగు చుక్కలు తక్కువుండాది’ అనేవాణ్ణి. చుక్కలు వేశాక స్లిప్పు పట్టుదారంలా పారేది. మా యజమాని రాఘవనాయుడు ఈ నాలుకను చూసి మురిసిపోయేవాడు. తిరుపతి నుంచి వ్యాపారులొస్తే కప్పులూ జాడీలూ చూపించడానికంటే ముందు నన్ను చూపించేవాడు.

నిజమేమిటంటే అరగంట ముందే మూటల వెనక తూచి, మందెంత కావాలో లెక్కేసుకుని వచ్చేవాణ్ణి. నాలుకకు తెలిసిందల్లా స్లిప్పు సబ్బులా ఉంటుందనీ, ఆ పూట భోజనం రుచించదనీ. మీరెవరూ ఆ పని చెయ్యకండి. మన్నుపొడీ సిలికేటూ నోట్లో పెట్టుకునే వస్తువులు కావు.

ఖాదర్ సాయిబు బెంచీ కింద

అచ్చులు చేసేవాడు ఖాదర్ సాయిబు, చిత్తూరు మనిషి. రెండు ముక్కల అచ్చును ఎంత బిగువుగా చేసేవాడంటే, అతుకు ఎక్కడుందో వెతకాలంటే వేలిగోరు కావాలి. ఆయన బెంచీ ఒక మూల ఉండేది. దాని కింద ఎప్పుడూ తెల్లటి ప్లాస్టర్ పెళ్ళలూ పొడీ రాలి ఉండేవి. బొమ్మల అంచులు కోసే మనుషులు కూడా ఆ పక్కనే కూర్చునేవాళ్ళు కాబట్టి వాళ్ళ కోతల తరుగు ఆ పొడిలో పడేది.

మామూలుగా మన్ను తరుగు పారెయ్యం. మళ్ళీ తొట్టిలో వేసి స్లిప్పు చేస్తాం. కానీ ప్లాస్టర్ కలిసిన తరుగు మాత్రం స్లిప్పుకు విషం. అది నెమ్మదిగా కరిగి మందు పనిని పాడు చేస్తుంది. వేసిన పూట ఏమీ కనపడదు. రెండు మూడు రోజులకు తొట్టి మొత్తం పెరుగులా తోడుకుంటుంది. ఖాదర్ సాయిబు ఈ సంగతి నాకు చేరిన రోజే చెప్పాడు. ‘నా బెంచీ కింద పడింది నీ తొట్టికి హరామ్ అబ్బా. అది మరిసిపోతే నువ్వు మేస్త్రీవి కావు, మేకను మేపుకో.’

నేను మరిచిపోలేదు. తెలిసే చేశాను.

ఏనుగు చెవులు

ఆ ఏడాది తిరుపతి దుకాణదారు ఒకాయన కార్తీకమాసానికి ఏనుగు దీపాలు కావాలన్నాడు. జానెడు ఎత్తు తెల్ల ఏనుగు, వీపు మీద ప్రమిద. రెండు వేల ఏనుగులని అందరికీ చెప్పేవాణ్ణి. ఆరువందలు. అయినా మాలాంటి పనిశాలకు అది పెద్ద పని. అది సమయానికి ఇస్తే ఆయన ఏటా మాకే ఇస్తానన్నాడు. ఇవ్వకపోతే మాకు వచ్చే ఏడాది ఉందో లేదో నాయుడుకే తెలియదు.

ఒంటి మీదకు చెవులు విడిగా పోసి అతికించాలి. ఆ పని మునిరత్నమ్మది. మా పనిశాలకు మన్ను మోసే కూలీగా వచ్చిన మనిషి. ఒకరోజు ఎవరో విరగ్గొట్టిన చెవిని వెదురుపుల్లతో అతికించి చూపించింది. అప్పటినుంచి చెవులు, తొండాలు, జాడీల పిడులు అన్నీ ఆమె చేతిలోకే పోయాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఊడ్చడం కూడా ఆమె వంతే, కాబట్టి ఆ పనిశాలలో ఆమె కంటపడని మూల లేదు. ఈ ముక్క నేను అప్పట్లో ఆలోచించలేదు.

ఆయుధపూజ ముందు రోజు. తొట్టిలో స్లిప్పు సగానికి పడిపోయింది. పండగ మూడు రోజులు సెలవు, తిరిగొచ్చేసరికి తొట్టి నిండా పండిన స్లిప్పు ఉంటే ఏనుగులు వరుసగా పోసుకోవచ్చు. కానీ ఐరాల పోయే బస్సుకు నాకు గంట వ్యవధే ఉంది. శుభ్రమైన తరుగు బకెట్టు ఖాళీ. కొత్త మన్ను నానబెట్టి కలపాలంటే ఆ బస్సు పోతుంది. ఖాదర్ సాయిబు అప్పటికే ఇంటికి పోయాడు. ఆయన బెంచీ కింద ఎండిన తరుగు మూడు తట్టలుంది. పైన తెల్లగా కనపడినంత మేరకు చేత్తో ఏరేశాను. మిగిలింది తొట్టిలో వేసి, నీళ్ళూ మందూ పోసి మోటారు తిప్పాను. జల్లెడ పట్టలేదు. తర్వాత బెంచీ కింద చీపురుతో శుభ్రంగా ఊడ్చి బస్సెక్కాను. ఐరాలలోనే ఉన్న మా అత్తగారింట్లో ఆ మూడు రోజులూ నా నాలుక గురించి గొప్పలు చెప్పుకుంటూ గడిపాను.

పూజ రోజు మునిరత్నమ్మే వచ్చి, ఏటా చేసినట్టే, బట్టీకీ మోటారుకూ పసుపుకుంకాలు పెట్టి, నిమ్మకాయ కోసి, రెండు చెక్కలకూ కుంకం అద్ది తొట్టి అంచు మీద అటొకటి ఇటొకటి పెట్టి వెళ్ళింది. గాలికో ఎలుకకో అవి లోపల పడ్డాయి.

నాలుగో రోజు పొద్దున తొట్టిలోకి చూశాం. తొట్టి నిండా గడ్డపెరుగు. గరిట పెడితే నిలబడింది. పెరుగు మీద రెండు ఎర్రటి నిమ్మచెక్కలు.

నాయుడు ఒక చెక్కను పుల్లతో పక్కకు నెట్టాడు. ‘ఇది ఎవురు పెట్టినారు?’

‘నేనే నాయుడుగారూ’ అంది మునిరత్నమ్మ. ‘గట్టు మింద పెట్టినా. ఏటా పెడతానే ఉండాను గదా.’

అందరూ నా వైపు తిరిగారు. నాలుక ఉన్నవాణ్ణి నేనే కదా. పులుపు తగిలితే స్లిప్పు చిక్కబడుతుందనే మాటలో కొంత నిజముంది, ఏకాంబరం పుస్తకంలో కూడా ఉంది. ఆ కొంత నిజాన్ని పట్టుకుని నేను అన్నాను: ‘పులుపు నాయుడుగారూ. పాలు ఇరిగినట్ల ఇరిగిపోయినాది.’

తెలియనివాడు చెప్పే అబద్ధాన్ని ఎవరైనా నిలదీస్తారు. తెలిసినవాడు చెప్పే అబద్ధాన్ని నిలదీసేవాడు ఉండడు. నా వృత్తి మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ తరుగు కాదు, ఆ వాక్యం.

నాయుడు చెడ్డమనిషి కాడు, ఆరువందల ఏనుగులు కళ్ళ ముందు తిరుగుతున్న మనిషి. ‘రేపట్నుంచి నువ్వు రాబాకమ్మా’ అన్నాడు. మునిరత్నమ్మ వాదించలేదు. నిమ్మచెక్కల వైపు చూడలేదు, నా చేతుల వైపు చూసింది. తన వెదురుపుల్ల కడిగి బెంచీ మీద పెట్టి, టిఫిన్ క్యారియర్ తీసుకుని వెళ్ళిపోయింది.

రెండు బకెట్లు

తర్వాత రెండు రోజులు ఆ పెరుగుతో కుస్తీ పట్టాను. మందు వేశాను, కొంచెం కదిలింది. ఇంకా వేశాను, మళ్ళీ బిగిసింది. పోసిన ఏనుగులు అచ్చును పట్టుకుని వదల్లేదు. వదిలినవాటి చెవులు అతికించే దిక్కు లేదు. నేను అతికించినవి పొద్దునకల్లా కింద పడి ఉండేవి. చెవుల్లేని ఏనుగు ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? పంది.

ఖాదర్ సాయిబు పండగకు ఊరెళ్ళి ఆ రెండో రోజు వచ్చాడు. తొట్టి చూశాడు, నిమ్మకాయ కథ విన్నాడు. తన బెంచీ దగ్గరకు పోయి కిందకు వంగి చూశాడు. లేచి, ఎవరితోనో కాదు, గోడతో అన్నట్టు అన్నాడు:

‘పదేండ్ల నుంచి ఈడ కూర్చోనుండాను. నా బెంచీ కింద ఇంత బాగా ఊడ్సినోడు ఎవురూ ల్యా. ఆ మనిషికి దండం పెట్టాల.’

నేను మోటారు వేసి తొట్టి మీదకు వంగాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం నేను చేసిన పనిని పరీక్ష అని గొప్పగా చెప్పొచ్చు. నిజానికది మొక్కుబడి. నిమ్మకాయే దోషి అయ్యుండాలని ఏడుకొండలవాడికి మొక్కుకుని చేశాను. మునిరత్నమ్మ చెవులతికించడానికి పాత మంచి స్లిప్పు ఒక బిందెలో తడిగోనె కప్పి దాచుకునేది. దాన్ని రెండు బకెట్లలో పోశాను. ఒకదాంట్లో కుంకం అద్దిన నిమ్మచెక్క వేశాను. తొట్టితో పోలిస్తే ఒక బకెట్టుకు ఒక చెక్క చాలా ఎక్కువ పులుపు. రెండోదాంట్లో ఖాదర్ సాయిబు బెంచీ మీది ప్లాస్టర్ పొడి పిడికెడు. రెండూ మూతపెట్టి మూటల వెనక, నా తక్కెడ పక్కన దాచాను.

రెండో రోజుకు తేలిపోయింది. నిమ్మచెక్క చుట్టూ కాస్త ముద్దకట్టింది, కలియబెడితే ఎప్పటిలా పారింది. రెండో బకెట్టులో వెదురుపుల్ల నిలువుగా నిలబడింది.

బకెట్లను బోరు దగ్గర కడిగేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కడుగుదామనే అక్కడిదాకా మోసుకెళ్ళాను కూడా. అక్కడ అచ్చు వదిలినవీ వదలనివీ, చెవుల్లేని ఏనుగులు నలభై దాకా గుట్టగా పడున్నాయి. వాటిని చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాను. ధైర్యం వచ్చిందని రాయాలని ఉంది. ధైర్యం కాదు. ఆమె లేకుండా ఆ ఏనుగులు పూర్తికావని లెక్క తేలింది, అంతే. మంచితనం తర్వాత వచ్చి కలిసిందేమో తెలియదు.

రెండు బకెట్లూ తీసుకెళ్ళి నాయుడు ముందు పెట్టాను. తరుగు సంగతి, బస్సు సంగతి, ఊడ్చిన సంగతి చెప్పాను. అందరూ వింటున్నారు. నాయుడు ఒక పుల్లతో ఈ బకెట్టూ ఆ బకెట్టూ కలియబెట్టి చూశాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు.

‘అయితే ఆ నాలుక గూడా అబద్ధమేనా?’

అదొక్కటీ అడగడనుకున్నాను. ‘అదీ అబద్ధమే’ అన్నాను.

‘ఎంతమందిని పిలిచి సూపించినాను రా సామీ’ అని ఆయన తల పట్టుకున్నాడు. ఖాదర్ సాయిబు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాయుడు తల పైకెత్తి, ఈసారి మెల్లగా, ‘పోయి ఆయమ్మను పిలుసుకొని రా. తప్పు నాది గూడా ఉండాది, ఆ మాట గూడా చెప్పు. ఆయమ్మ రాకుంటే నువ్వు గూడా రాబాక’ అన్నాడు.

వేరుశనగ చేలో

మునిరత్నమ్మ వాళ్ళ ఊరు అక్కడికి నాలుగు మైళ్ళు. ఇంట్లో లేదు, వేరుశనగ పీకే కూలికి పోయిందన్నారు. చేలోకి వెళ్ళాను. పీకిన చెట్ల పక్కన కూర్చుని కాయలు కోస్తోంది. నన్ను చూసి కోయడం ఆపలేదు.

నేను దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అక్కడికి చేరేసరికి అన్నీ మొగ్గలోనే రాలిపోయాయి. తప్పు నాదని చెప్పాను, నాయుడు రమ్మన్నాడని చెప్పాను.

‘నాయుడుతో చెప్పినావా, నాతో చెప్పేదానికంటే ముందు?’ అంది.

‘చెప్పినా. అందరూ ఉండంగా.’

‘అయితే కూసో.’

కూర్చున్నాను. గుప్పెడు పచ్చికాయలు నా ముందు పెట్టింది. కాసేపు ఇద్దరం కాయలు ఒలిచాం.

‘నాకు ఆ పొద్దే తెలుసు మేస్త్రీ’ అంది. ‘పూజకు జల్లెడ కడుగుదామని తీసినా. అది దుమ్ముబట్టి ఉండాది. తొట్టి నిండుగా ఉండాది, జల్లెడ దుమ్ముబట్టి ఉండాది, సాయిబు బెంచీ కింద తరుగు ల్యా. ఇంగేముండాది తెలిసేదానికి?’

మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. అది అడగకూడని మాట అని అడిగాక అర్థమైంది.

‘నువ్వు నాలుక మింద పెట్టి చెప్పేవోడివి. నేను చెవులతికిచ్చేదాన్ని. నా మాట ఎవురింటారు?’ ఆ మాటలో కోపం లేదు. రేపు వాన వస్తుందో రాదో చెప్పినట్టు చెప్పింది. ‘నువ్వే చెప్తావేమో సూద్దామని ఉండాను. ఇంగో రెండు దినాలు సూసి మరిసిపోదామనుకున్యా.’

మళ్ళీ పనికి రమ్మన్నాను. వస్తానంది, కానీ ఒక మాట మీద.

‘ఆ మూటల ఎనక మగ్గూ తక్కెడా దాసిపెట్టినావే, అవి తెచ్చి గోడకు తగిలియ్యి. అందురికీ కనపడేట్ల. నాకు తూసేది నేర్పియ్యి. చుక్కలెయ్యేది నేర్పియ్యి. అట్లయితే వస్తా.’

మగ్గు సంగతి ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

‘నువ్వు దాసిన మొదటి వారమే. ఊడ్సేది నేనే గదా.’

ఎనిమిదేళ్ళు ఆ మనిషి ముందు నేను కళ్ళు మూసుకుని నాలుక చాపాను. ఆమె ఒక్కరోజు కూడా నవ్వలేదు. ఈ మర్యాదకు ఏ పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

గోడకు తగిలిన మగ్గు

మర్నాడు గోడకు రెండు మేకులు కొట్టాను. పాత స్లిప్పు మొత్తం ఎండబెట్టి పక్కన పెట్టేశాం. వాననీళ్ళు, కొత్త మన్ను. మునిరత్నమ్మ తూచింది, నేను చెప్పాను. మూడో తొట్టికి ఆమె చెప్పింది, నేను విన్నాను. నాలుగో తొట్టికి ‘సిలికేటు ఆడ పెట్టి నువ్వు ఎడంగా నిలబడు మేస్త్రీ’ అంది. ఖాదర్ సాయిబు బెంచీ పక్కన మన్ను తరుగు పడకుండా ఒక పలక అడ్డం పెట్టించింది కూడా ఆమే. ఏనుగులు కార్తీక పౌర్ణమికి వారం ముందు తిరుపతి చేరాయి. ఆరువందలనలేను, ఐదువందల డెబ్బై. దుకాణదారు సణిగాడు, కానీ మళ్ళీ ఏడాది కూడా మాకే ఇచ్చాడు.

నా తర్వాత స్లిప్పు మేస్త్రీ ఆమే. నా చివరి మూడు నాలుగేళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఆమె సహాయకుణ్ణి అనుకునేవారు. నేను సరిదిద్దలేదు. నిజానికి వాళ్ళు తప్పేమీ అనుకోలేదు.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నా తీర్పు ఏమిటంటే, ఈ వృత్తిలో రహస్యం లేదు. ఒక లీటరు మగ్గు, ఒక తక్కెడ, ఒక జల్లెడ, ఒక పుస్తకం. వాటిని నలుగురికీ కనపడేలా పెట్టుకోండి. దాచుకున్నవాడికి అవి బరువు, వాటిని మోస్తూ అబద్ధాలాడాలి. నా అదృష్టం ఏమిటంటే పని నేర్పినవాడూ, వెక్కిరించినవాడూ, తిట్టి కూడా ఉంచుకున్నవాడూ, చివరికి నాకు పని మళ్ళీ నేర్పిన మనిషీ నా చుట్టూ ఒకే రేకుల కింద ఉన్నారు. అంతమందిని ఒకేచోట ఇచ్చినందుకు ఆ ఏర్పేడు దారికి ఇప్పటికీ బస్సులోంచి దండం పెట్టుకుంటాను. కండక్టరు గుడి ఎక్కడుందా అని వెతుక్కుంటాడు.

నోటుపుస్తకం అమ్మాయీ, నువ్వు గీత గీసిన ఆ వాక్యం కొట్టెయ్యి. దాని స్థానంలో ‘తరుగులో ప్లాస్టర్ పడకూడదు, జల్లెడ పట్టకుండా పొయ్యకూడదు’ అని రాసుకో. నిమ్మకాయ సంగతి నాకు ఎంత గట్టిగా తెలుసో కూడా చెప్తాను.

ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ మునిరత్నమ్మ గోడమీది మగ్గుకూ తక్కెడకూ ముందు బొట్టు పెట్టేది. తర్వాత నిమ్మకాయ కోసి, కుంకం అద్ది, ఒక చెక్క తొట్టి అంచున పెట్టేది. రెండో చెక్క చేతిలో పట్టుకుని, నేను చూస్తున్నానో లేదో చూసి, చూస్తున్నానని తెలిశాక దాన్ని మెల్లగా స్లిప్పులోకి వదిలి మోటారు వేసేది.

నేనున్నన్నాళ్ళూ ఆ తొట్టిలో స్లిప్పు మళ్ళీ విరగలేదు.